సబా అడవులకు వెళ్లేముందు: పాఠకుల ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో బోర్నియో దీవిలోని కినబతాంగన్ నది మీద గడిపిన ఒక తెల్లవారుజాము గురించి రాశాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు "మేమూ వెళ్దామనుకుంటున్నాం, ఎలా?" అన్నవే. బోర్నియో ఉత్తరపు కొసన ఉన్న సబా మలేషియాలో ఒక రాష్ట్రం. అక్కడికి నేను మూడుసార్లు వెళ్లాను. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, అందుకని నా కన్ను ముందు చెట్టు మీదికి పోతుంది, ఆ తర్వాతే జంతువు మీదికి. ఆరు ఉత్తరాలు ఎంచుకుని జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, మేం నలుగురం. నేను, మా ఆవిడ, పదహారేళ్ల అబ్బాయి, పన్నెండేళ్ల అమ్మాయి. జూన్‌లో ఎనిమిది రోజుల సెలవు దొరికింది. సబా రాజధాని కోట కినబాలులో దిగి కినబాలు కొండ, సెపిలోక్, తాబేళ్ల దీవి, కినబతాంగన్ నది, దానుమ్ వ్యాలీ, చివర్లో సిపాదాన్ సముద్రం చూసి రావాలని ప్లాన్ వేశాను. ఒక్కో చోట ఒక్కో రాత్రి. ప్యాకేజీ వాళ్లు కుదురుతుందంటున్నారు. మీరేమంటారు? – కె.వి.ఆర్.

జవాబు: కె.వి.ఆర్. గారూ, ప్యాకేజీ వాళ్లు అబద్ధం చెప్పలేదు. విమానమూ వ్యానూ టైముకు దొరికితే ఆరు చోట్లా మీ కాలు పడుతుంది. కానీ మీరు వెళ్తున్నది జంతువుల్ని చూడటానికి కదా. వాటికి మన టైమ్‌టేబుల్‌తో పని లేదు.

మొదటిసారి నేనూ మావారూ వెళ్లింది అచ్చం ఇలాగే. ఏడు రోజులు, ఐదు ఊళ్లు. నది ఒడ్డున ఉన్న సుకావ్ అనే పల్లెలో మధ్యాహ్నం మూడింటికి దిగాం. నాలుగింటికి పడవ ఎక్కించారు. నాలుగున్నరకు వాన పట్టుకుంది. రెయిన్‌కోటు అంచు మీంచి కారే నీళ్లు తప్ప నాకేం కనిపించలేదు. మర్నాడు ఆరింటికి మళ్లీ పడవ, నది మీద దట్టంగా పొగమంచు. ఎనిమిదిన్నరకల్లా సామాను సర్దుకుని వ్యాన్‌లో కూర్చున్నాం. పొడుగు ముక్కు కోతుల గుంపు ఒకటి, దూరంగా ఒక మొసలి వీపు. మిగతాదంతా ఆకుల గోడ. "ఇంతేనా?" అన్నారు మావారు. ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు.

రెండోసారి అదే నదికి వెళ్లి, ఒకే ఊళ్లో నాలుగు రాత్రులు ఉన్నాం. మొదటి రెండు రోజులూ పెద్ద తేడా ఏమీ లేదు. మూడో రోజు పొద్దున పడవ నడిపే ఆయన ఒక వంపు దగ్గర ఇంజన్ ఆపేశారు. ఆయన ఒరాంగ్ సుంగై తెగవారు. ఆ మాటకు నది మనుషులు అని అర్థం, తరతరాలుగా ఆ నదినే నమ్ముకుని బతికే జనం. ఆయన చెట్ల వైపు చూడలేదు, నీళ్ల వైపు వేలు చూపించారు. నీళ్ల మీద సగం సగం కొరికిన చిన్న కాయలు తేలుతున్నాయి. ఒకటి ఆయన తీసి నా చేతిలో పెట్టారు. విప్పి చూద్దును కదా, మన మేడిపండే! అదే ఎర్రటి గుజ్జు, అవే సన్నని గింజలు.

మేడిపండు పొట్టలో పురుగులుంటాయని మనం చిన్నప్పుడే నేర్చుకున్నాం. ఆ పురుగులు గింజంత కందిరీగలు. మేడి, మర్రి, రావి, జువ్వి, ఈ కుటుంబంలో పరాగ సంపర్కం వాటివల్లే జరుగుతుంది. పండులో పుట్టిన ఆడ కందిరీగ ఒకటి రెండు రోజులకు మించి బతకదు. ఆ కాస్త వ్యవధిలోనే అదే జాతి చెట్టు ఇంకొకటి, లేత కాయలతో ఉన్నది, దానికి దొరకాలి. అందుకే అడవిలో ఈ చెట్లన్నీ ఒకేసారి కాయవు. ఒకటి ముగిస్తే ఇంకొకటి అందుకుంటూ ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట పండుతూనే ఉంటాయి. బోర్నియోలోని మిగతా పెద్ద చెట్లు చాలావరకు కొన్నేళ్లకోసారి, అన్నీ కలిసి విరగకాస్తాయి. ఆ మధ్యకాలమంతా తోకలేని పెద్ద కోతి ఒరాంగుటాన్‌కూ, హార్న్‌బిల్ అనే పెద్ద ముక్కు పిట్టకూ, గిబ్బన్ అనే తోకలేని చిన్న కోతికీ ఆధారం ఈ మేడి మర్రి చెట్లే. ఏ వంపులో ఏ చెట్టు పండుకొచ్చిందో పడవాయనకు తెలుసు. అది తెలిసిన మనిషితో నాలుగు పూటలు తిరగాలంటే మనం ఆ ఊళ్లో ఉండాలి.

అక్కడ ముప్పావుగంట కూర్చున్నాం. ముందు టప్ టప్‌మని కాయలు రాలే చప్పుడు. తర్వాత ఆకుల్లోంచి ఒక చెయ్యి వచ్చింది. ముంజేతికి ఎర్రటి పొడుగు వెంట్రుకలు, నల్లటి వేళ్లు. ఆ చెయ్యి కొమ్మను దగ్గరికి వంచి, ఒక్కో పండునూ వేళ్లతో నొక్కి చూస్తోంది. మెత్తగా ఉంటే కోస్తోంది, గట్టిగా ఉంటే వదిలేస్తోంది. అచ్చం మామిడిపళ్ల బండి దగ్గర మనం చేసే పనే. కాసేపటికి మొహం కనిపించింది, పక్కటెముకల దగ్గర గట్టిగా పట్టుకుని వేలాడుతున్న పిల్ల కనిపించింది. ఒరాంగుటాన్ తల్లి ఒక పిల్లను కన్నాక మళ్లీ కనడానికి సుమారు ఆరు నుంచి ఎనిమిదేళ్లు పడుతుంది. అంత కాలం పెంచితే గాని ఒక పిల్ల సొంతంగా బతకలేదు. మావారు ఆ రోజు ఒక్క ఫొటో కూడా తీయలేదు. కెమెరా ఒళ్లోనే ఉంది.

కాబట్టి మీ ఎనిమిది రోజుల్లోంచి కొండనూ, తాబేళ్ల దీవినీ, సిపాదాన్‌నూ తీసేయండి. సిపాదాన్ అసలు డైవింగ్ వచ్చినవాళ్ల చోటు, రోజుకు ఇంతమందికే అనుమతి. మొదటి రోజు కోట కినబాలులో దిగి పడుకోండి. రెండో రోజు పొద్దున విమానంలో సందకాన్ వెళ్లండి, గంట లోపు ప్రయాణం. బస్సులో అయితే ఆరేడు గంటలు, పిల్లలకు వాంతులు తెప్పించే మలుపులు. సందకాన్ నుంచి సెపిలోక్ పాతిక కిలోమీటర్లు. అక్కడి ఒరాంగుటాన్ పునరావాస కేంద్రం 1964లో మొదలైంది. తల్లిని పోగొట్టుకున్న పిల్లల్ని, ఇళ్లలో బంధించి పెంచినవాటిని తెచ్చి, చెట్టెక్కడం, గూడు కట్టుకోవడం నేర్పి అడవిలోకి వదులుతారు. పొద్దున 10కి, మధ్యాహ్నం 3కి మేత పెడతారు. ఆ పక్కనే సన్ బేర్ కేంద్రం ఉంది. సన్ బేర్ ప్రపంచంలోకెల్లా చిన్న ఎలుగుబంటి, ఛాతీ మీద పసుపు పూసినట్టు అర్ధచంద్రాకారంలో మచ్చ. మీ అమ్మాయికి అది తప్పకుండా నచ్చుతుంది.

మూడో రోజు మధ్యాహ్నానికి సుకావ్ గాని బిలిత్ గాని చేరండి, రోడ్డు మీద రెండున్నర గంటలు. అక్కడ మూడు రాత్రులు. ఆరో రోజు లహద్ దతు మీదుగా దానుమ్ వ్యాలీ వెళ్లండి, రెండు రాత్రులు. లహద్ దతు నుంచి లోపలికి 80 కిలోమీటర్ల పైన ప్రయాణం, చాలావరకు మట్టి రోడ్డు. దానుమ్ నది ఒడ్డులా ఉండదు. 438 చదరపు కిలోమీటర్ల అడవి, దాదాపు అంతా గొడ్డలి పడనిది. జంతువులు విడివిడిగా, దూరం దూరంగా ఉంటాయి, నడిచి వెతుక్కోవాలి. తెల్లవారుతుంటే గిబ్బన్ల పాట మొదలవుతుంది, ఒక కొండ నుంచి ఒకటి అంటే ఇంకో కొండ నుంచి ఇంకొకటి బదులిస్తుంది. ఉష్ణమండలంలో ఇప్పటిదాకా కొలిచిన చెట్లలో 100 మీటర్లు దాటిన మొదటి చెట్టు ఇక్కడిదే. పసుపు మెరంటి జాతి, ఎత్తు 100.8 మీటర్లు, 2019లో ప్రకటించారు. మీరు ఆ చెట్టు దాకా వెళ్లలేరు గాని దాని చుట్టాల మొదళ్ల దగ్గర నిలబడి తల ఎత్తి చూడండి, మెడ నొప్పి పుడుతుంది గాని కొస కనిపించదు.

ఒక జాగ్రత్త. ఎనిమిదో రోజు మీ తిరుగు విమానం రాత్రి పొద్దుపోయాక ఉంటేనే దానుమ్ పెట్టుకోండి. వాన కురిస్తే ఆ మట్టి రోడ్డు ఎంతసేపు పట్టిస్తుందో ఎవరూ చెప్పలేరు. విమానం పగలే అయితే ఆ రెండు రాత్రులూ నదికే కలిపేయండి. ఐదు రాత్రులు ఒకే నది మీద ఉంటే పిల్లలు విసుగుపడతారని భయపడకండి. రోజూ అదే దారిలో వెళ్తుంటే వాళ్లే ముందు గుర్తుపట్టడం మొదలుపెడతారు, "అమ్మా, నిన్నటి లకుముకి పిట్ట అదే కొమ్మ మీదుంది" అని.

ప్రశ్న: యూట్యూబ్‌లో ఒక వీడియో చూశాను. కినబతాంగన్ ఒడ్డున కాస్త అడవి, దాని వెనక కనుచూపు మేర పామాయిల్ తోటలేనట. అడవి మిగల్లేదు కాబట్టే జంతువులు అక్కడ కిక్కిరిసి ఉన్నాయట. అలాంటి చోటికి డబ్బు పెట్టి వెళ్లి చూడటం సరైన పనేనా? మనసు ఒప్పుకోవడం లేదు. – ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. వీడియోలో చెప్పింది నిజం. సందకాన్ నుంచి సుకావ్ వెళ్లే దారిలో ఎక్కువ భాగం పామాయిల్ చెట్ల వరసలే కనిపిస్తాయి. మొదటిసారి వెళ్లినప్పుడు అడవి ఇంకా ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూనే ఊరొచ్చేసింది.

ఆ నది 560 కిలోమీటర్లు, మలేషియాలో రెండో పొడవైనది. దిగువ భాగంలో సుమారు 26,000 హెక్టార్లను 2005లో అభయారణ్యంగా ప్రకటించారు. కానీ అది ఒకే ముద్దగా లేదు, తెగిన పూసల దండలా ముక్కలు ముక్కలుగా ఉంది. మధ్యలో తోటలు, ఊళ్లు, రోడ్లు. బోర్నియో ఏనుగులు అన్నీ కలిపితే దాదాపు వెయ్యి ఉంటాయి, 2024లో వాటిని అంతరించే ప్రమాదమున్న జాబితాలో చేర్చారు. ఆ ఏనుగులు ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు పోవాలంటే కరెంటు కంచెలు అడ్డం. ఒరాంగుటాన్‌కు ఈత రాదు. పూర్వం వాగు మీదికి ఒరిగిన రెండు పెద్ద చెట్ల కొమ్మలు కలిసేవి, వాటి మీంచి దాటేది. ఆ చెట్లు పోయాక దారి తెగిపోయింది. సుకావ్‌లో హుటాన్ అనే సంస్థ 1998 నుంచి పనిచేస్తోంది. వాళ్లు వన్యప్రాణి శాఖతో కలిసి వాగులకు అడ్డంగా తాళ్ల వంతెనలు కట్టారు. ఫైరింజన్ల పాత గొట్టాలు కూడా వాడారు. ఒరాంగుటాన్‌లు వాటిని నమ్మి కాలు పెట్టడానికి ఏళ్లు పట్టింది. ఇప్పుడు దాటుతున్నాయి. ఒక ఉపనది మీద ఆ తాడు కింద నుంచి మా పడవ వెళ్లినప్పుడు దాని మీద ఏ జంతువూ లేదు. ఉత్త తాడే. అయినా నాకు కళ్లు చెమర్చాయి.

వెళ్లకపోతే ఆ ముక్కలు పెద్దవైపోవు. ఊరి కుర్రాడికి పడవ నడిపితే తిండి దొరుకుతుందనుకున్నంతకాలం ఒడ్డున ఉన్న చెట్టు విలువ ఇంట్లో వాళ్లకు కూడా తెలుస్తుంది. కాబట్టి వెళ్లండి, మీ డబ్బు ఎవరి చేతికి చేరుతుందో మాత్రం చూసుకోండి. సుకావ్, బిలిత్‌లలో హోమ్‌స్టేలు ఉన్నాయి. నది ఎగువకు వెళ్తే బటు పుతే దగ్గర ఊళ్లవాళ్లంతా కలిసి నడుపుకునే కోపెల్ అనే సహకార సంఘం ఉంది. వాళ్లు అతిథులతో మొక్కలు కూడా నాటిస్తారు. మూడోసారి నేను అక్కడే ఉన్నాను. వరద వచ్చి పోయాక బురద గట్టుమీద మొక్క నాటడమంటే ఏమిటో ఆ పొద్దున తెలిసింది. నాటిన మొక్క చుట్టూ ఎగబాకే తీగల్ని తర్వాత కూడా నెలల తరబడి కోస్తూ ఉండాలి, లేకపోతే ఆ తీగలు దాన్ని మింగేస్తాయి. ఆ పని ఊరి ఆడవాళ్లు జీతానికి చేస్తున్నారు.

ఇంకొక మాట. బుక్ చేసే ముందు "జంతువు కనిపిస్తే ఎంత దూరంలో పడవ ఆపుతారు, ఒక్క చోట ఎన్ని పడవలు ఉంటాయి?" అని అడగండి. రెండో ప్రయాణంలో చివరి రోజు మాకు వేరే ఏజెంటు పడవ ఇచ్చారు. ఒడ్డున ఏనుగుల గుంపు, అందులో ఒక గున్న. తొమ్మిది పడవలు అర్ధచంద్రాకారంలో మూసుకుపోయాయి. మా పడవవాడు ఇంకా ముందుకు పోనిచ్చాడు. తల్లి చెవులు విప్పి నిలబడింది, గున్న దాని కాళ్ల మధ్యకు దూరింది. వెనక్కి తీయమని నేను అరిచేదాకా తీయలేదు. తర్వాత ఆ ఏజెంటుకు ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. అలాంటప్పుడు మొహమాటపడకండి. పడవలో ఒక్కరు గట్టిగా చెబితే చాలాసార్లు మిగతావాళ్లూ "అవును, వెనక్కి పోదాం" అంటారు.

ప్రశ్న: ఒరాంగుటాన్ పిల్లను ఎత్తుకుని ఫొటో దిగే వీలు ఎక్కడుంది? – ఎమ్.

జవాబు: ఎక్కడా ఉండకూడదు. మన జలుబు, మన దగ్గు దానికి అంటుతాయి, దాని శరీరం తట్టుకోలేదు. సెపిలోక్‌లో కూడా దగ్గరికి రానివ్వరు. మీకు జ్వరం గాని జలుబు గాని ఉంటే ఆ రోజు వెళ్లడం మానుకోండి. ఎత్తుకోనిచ్చే చోటు ఎవరైనా చూపిస్తే, ఆ పిల్ల అక్కడికి చేరాలంటే దాని తల్లి ఏమై ఉంటుందో ఆలోచించండి.

ప్రశ్న: నమస్తే అమ్మా. మా అత్తగారికి 68, మా బాబుకు ఏడేళ్లు. ఇద్దరినీ తీసుకెళ్లాలని ఉంది. కానీ జలగలు, మలేరియా అని విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. అత్తగారైతే "నన్ను వదిలేసి వెళ్లండి" అంటున్నారు. – పి.ఎల్.

జవాబు: అత్తగారిని వదిలేయకండి తల్లీ. వానాడవిలో పెద్దవాళ్లకు నది కంటే మంచి చోటు లేదు. పొద్దున, సాయంత్రం, ఒక్కోసారి రాత్రి కూడా పడవలో కూర్చుంటే చాలు, అడవే పక్కనుంచి నడిచిపోతుంది. చూసుకోవాల్సింది పడవ ఎక్కే దిగే చోటు. అక్కడ చెక్క మెట్లు నాచు పట్టి జారుతుంటాయి. "మెట్లకు పట్టుకోవడానికి కర్ర గాని రెయిలింగ్ గాని ఉందా?" అని ముందే అడిగి తెలుసుకోండి. బాబుకు సైజు సరిపోయే లైఫ్‌జాకెట్ ఉందో లేదో కూడా అడగండి, పెద్దవాళ్లది తగిలిస్తే లాభం లేదు. నదిలో మొసళ్లున్నాయి. నీళ్లలో చెయ్యి పెట్టనివ్వకండి.

జలగల గురించి వివరంగా చెబుతాను, భయం సగం తెలియకపోవడం వల్లే. నీళ్ల జలగలు కావు ఇవి, తడి ఆకుల మీదా కొమ్మల చివరా ఉంటాయి. రెండు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. గోధుమరంగుది నేలమీద ఉంటుంది, కరిచినట్టు కూడా తెలియదు. చారల జలగ మోకాలి ఎత్తు ఆకు చివర నిలబడి ఉంటుంది, అది కరిస్తే చీమ కుట్టినట్టు చురుక్కుమంటుంది. దానుమ్‌లో ఒక ఆకు మీద దాన్ని దగ్గర్నుంచి చూశాను. అగ్గిపుల్ల అంత ఉంది. వెనక కొసతో ఆకును పట్టుకుని ముందు కొసను గాల్లో తిప్పుతోంది. నేను ఊపిరి వదలగానే ఆ కొస సూటిగా నావైపు తిరిగింది. మన ఊపిరీ ఒంటి వేడీ దానికి అలా అందుతాయి.

మోకాళ్ల దాకా వచ్చే గట్టి నేత మేజోళ్లు దొరుకుతాయి, ప్యాంటు వాటిలోకి దోపాలి. చొక్కాను ప్యాంటులోకి దోపాలి. పట్టుకుంటే ఉప్పు, నిప్పు, పొగాకు ఏవీ వద్దు, అవి వేస్తే కడుపులోది పుండులోకి కక్కుతుంది. సన్నంగా ఉన్న కొస నోరు, దాని కింద గోరు పెట్టి పక్కకు తోయండి, తర్వాత లావు కొసను కూడా. రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం అది వదులుతుంది, అందుకే గంటసేపు కారుతుంది. చూడటానికి భయంగా ఉంటుంది గాని పోయేది కొద్దిగానే. సబ్బుతో కడిగి ప్లాస్టర్ వేసి, గోకకుండా ఉంటే చాలు. అత్తగారు రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే మాత్రం అడవి నడక వద్దు, పడవే. నది మీద జలగలుండవు.

అసలు జాగ్రత్త పడాల్సింది దోమకు. మలేషియాలో మనుషుల నుంచి మనుషులకు వచ్చే మలేరియా 2018 నుంచి స్థానికంగా లేదు. కానీ కోతుల నుంచి దోమల ద్వారా మనిషికి వచ్చే నోలెసీ అనే రకం సబా అడవుల్లో ఉంది, ముదిరితే ప్రమాదం. డెంగీ కూడా ఉంది. ప్రయాణానికి నెల ముందే డాక్టరు దగ్గరికి వెళ్లి "బోర్నియో అడవిలో ఇన్ని రాత్రులు" అని చెప్పి, ఏడేళ్ల పిల్లాడికి ఏ మందు, 68 ఏళ్లవారికి ఏ మందు అని విడివిడిగా అడగండి. ఒకే మందు ఇద్దరికీ సరిపడకపోవచ్చు. చీకటి పడేముందే పొడుగు చేతుల చొక్కా వేసి, దోమల మందు రాయండి.

ఇంకొకటి చాలామంది మర్చిపోయేది. 2000లో సబాలో ఒక పెద్ద సాహస పందెం జరిగింది. ఇళ్లకు తిరిగి వెళ్లాక వరసగా అనేకమంది పోటీదారులకు జ్వరం పట్టుకుంది. తేల్చి చూస్తే లెప్టోస్పైరోసిస్, ముఖ్యంగా సెగమా నదిలో ఈదినవాళ్లకు వచ్చింది. జంతువుల మూత్రం కలిసిన నీళ్లలో ఉండే బ్యాక్టీరియా అది. కాలి మీద గీత పడితే ముందు మూసేయండి, వాగులో దిగినా ఆ నీళ్లు నోట్లోకి పోనివ్వకండి. ఇంటికొచ్చాక నెలలోపు ఎవరికి జ్వరం వచ్చినా అడవికి వెళ్లొచ్చామన్న సంగతి డాక్టరుకు మొట్టమొదట చెప్పండి.

ప్రశ్న: నా వయసు 27. నాకు జంతువుల కన్నా సాహసం ముఖ్యం. కినబాలు శిఖరం ఎక్కాలి, రాఫ్టింగ్ చేయాలి. జిమ్‌కు రోజూ వెళ్తాను. ఇంకేం కావాలి? – సాయి

జవాబు: మోకాళ్లు కావాలి బాబూ. 4,095 మీటర్ల కొండ అది. నడక మొదలయ్యే తింపోహన్ గేటు 1,866 మీటర్ల దగ్గర. మొదటి రోజు పనలబన్ దాకా ఎక్కి, 3,200 మీటర్ల పైన రాత్రి పడుకుంటారు. అర్ధరాత్రి దాటాక రెండున్నర ప్రాంతంలో హెడ్‌ల్యాంప్ పెట్టుకుని బయల్దేరితే సూర్యోదయానికి శిఖరం. అదే రోజు అక్కణ్నుంచి గేటు దాకా దిగాలి. ఎత్తు లెక్కన రెండు కిలోమీటర్లకు పైగా దిగుడు, చాలావరకు మెట్లే. ఎక్కినవాళ్లు కాదు, దిగినవాళ్లే రెండు రోజులు గోడ పట్టుకు నడుస్తారు. ట్రెడ్‌మిల్ మానేసి రెండు నెలలు మెట్లు ఎక్కడం కన్నా దిగడం ఎక్కువ సాధన చెయ్యండి.

పర్మిట్టూ, గైడూ తప్పనిసరి. కొండమీద పడకలు కొన్నే, కాబట్టి నెలల ముందే బుక్ చేసుకోవాలి. పెద్ద వాన పడితే గైడు పైకి పోనివ్వరు, అప్పుడు వాదించకండి. 2015 జూన్ 5న భూకంపం వచ్చినప్పుడు ఆ కొండమీద 18 మంది పోయారు. వాళ్లలో స్కూలు పిల్లలున్నారు, వాళ్లతో వెళ్లిన గైడ్లున్నారు. అక్కడి దుసున్ జనానికి అది పూర్వీకుల ఆత్మలుండే కొండ. పైన గట్టిగా కేకలు పెట్టకండి.

రాఫ్టింగ్‌కు పదాస్ నది ఉంది, మూడు నాలుగు గ్రేడ్‌ల ఉధృతి. నది దగ్గరికి చేరేదే రైల్లో. ఇదే మొదటిసారి అయితే ముందు కియులు నదిలో ఒక పూట చేసి చూడండి. కొండ దిగిన మర్నాడు మాత్రం పెట్టుకోకండి.

ఎక్కేటప్పుడు దారి పక్కన నాచులో కుండల్లాంటివి వేలాడుతుంటాయి, పురుగుల్ని పట్టి తినే నెపెంథిస్ మొక్కలు. ఒకచోట ఆగి కుండలోకి తొంగి చూడండి. జిమ్‌కు వెళ్లే మా మేనల్లుడు గబగబా ఎక్కేసి, ఒక్కటీ చూడలేదని తిరిగొచ్చాక బాధపడ్డాడు.

ప్రశ్న: వీసా, భద్రత, కెమెరా, ఏ నెల మంచిది, ఇవి కాస్త చెప్పండి. అలాగే ప్రపంచంలోనే పెద్ద పువ్వు రఫ్లీషియా అక్కడ కనిపిస్తుందా? – టి. సునీత

జవాబు: మలేషియా 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులకు 30 రోజుల వరకు వీసా లేకుండా రానిస్తోంది. ఆ సదుపాయాన్ని 2026 చివరిదాకా పొడిగించారు. టికెట్ కొనే రోజు మరోసారి చూసుకోండి. దిగడానికి మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. కౌలాలంపూర్‌లో ముద్ర పడినా సబాలో దిగాక మళ్లీ ఇమిగ్రేషన్ ఉంటుంది, పాస్‌పోర్టు పెట్టెలో పడేయకండి.

సబా తూర్పు తీరంలో, ముఖ్యంగా దీవుల దగ్గర, మనుషుల్ని ఎత్తుకుపోయిన ఘటనలు గతంలో జరిగాయి. 2000 ఏప్రిల్‌లో సిపాదాన్‌లో 21 మందిని బందీలుగా పట్టుకుపోయారు. 2013 నుంచి అక్కడ ప్రత్యేక భద్రతా దళం ఉంది, సముద్రం మీద రాత్రి కర్ఫ్యూ అమలు చేస్తూ వచ్చారు. దీవులకు వెళ్లేటట్టయితే ప్రభుత్వ సూచనలు చదివి, ఇన్సూరెన్స్ ఆ ప్రాంతానికి వర్తిస్తుందో లేదో అడిగి వెళ్లండి. లోపలి అడవికి, నదికి వెళ్లినప్పుడు మాకు ఏ ఇబ్బందీ రాలేదు.

నెలల మాటకొస్తే, వాన లేని నెల అక్కడ లేదు. మార్చి నుంచి అక్టోబరు దాకా కాస్త తక్కువ. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నది పొంగుతుంది, నడకదారులు మునుగుతాయి.

కెమెరా కన్నా ముందు బైనాక్యులర్స్ కొనండి, 8 రెట్లు చూపించేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లది. మనిషికొకటి ఉండాలి. ఒకటే ఉంటే చేతులు మారేలోపు పిట్ట ఎగిరిపోతుంది. ఏసీ గదిలోంచి కెమెరాను నేరుగా బయటికి తెస్తే లెన్స్ మీద ఆవిరి కమ్ముకుని పావుగంట పోదు. రాత్రే దాన్ని బాత్రూమ్‌లోనో వరండాలోనో పెట్టుకోండి.

ఇక రఫ్లీషియా. మొగ్గ పెరగడానికి తొమ్మిది నెలల వరకు పడుతుంది, విచ్చుకున్నాక ఉండేది ఐదు నుంచి ఏడు రోజులు. ఆకు లేదు, కాండం లేదు, ఒక అడవి తీగ వేళ్లను పట్టుకుని దాని మీదే బతుకుతుంది. కాబట్టి ముందే తేదీ వేసుకుని వెళ్లే వీలు లేదు. కినబాలు కొండ కింద రనావ్, పోరింగ్ వైపు రోడ్డు పక్క ఇళ్ల ముందు పువ్వు విచ్చిందని బోర్డు పెడతారు. ఆ బోర్డు కనిపిస్తే కారు ఆపేయండి. వాళ్ల పెరట్లోదే, టికెట్ తీసుకుని చూపిస్తారు, ఆ డబ్బు కోసమైనా ఆ తీగను నరక్కుండా కాపాడుకుంటారు. మూడు ప్రయాణాల్లో నాకు ఒక్కసారే దొరికింది. వెదురు పొద పక్కన, నేలకు అతుక్కుని, పెద్ద పళ్లెం అంత. ఇటుక రంగు రేకుల మీద తెల్లటి పొక్కుల్లాంటి మచ్చలు. వాసన వస్తుందన్నారు గాని నా ముక్కుకు పెద్దగా అందలేదు. ఈగలకు మాత్రం అందింది, మధ్యలోని గిన్నెలో నాలుగైదు తిరుగుతున్నాయి. ఐదో రోజట. ఒక రేకు అంచు అప్పటికే నల్లబడింది. చూపించిన ఇంటావిడ రేపు వస్తే ఉండదంది. పక్కనే క్యాబేజీ అంత మొగ్గ ఇంకొకటి చూపించి, అది విచ్చుకోవడానికి ఇంకా వారం పడుతుందని చెప్పింది.